కడుపుతో ఉన్నప్పుడు కొలెస్ట్రాల్ ఎందుకు పెరుగుతుంది? మాయ చేసే పని ఏమిటి?

సంక్షిప్తంగా: గర్భం చివరి నెలల్లో తల్లి రక్తంలో కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే మరో రకం కొవ్వు) బాగా పెరుగుతాయి. ఎక్కువమందిలో ఇది జబ్బు కాదు. గర్భాశయంలో తల్లినీ బిడ్డనూ కలిపే మాయ (ప్లాసెంటా) విడుదల చేసే హార్మోన్ల వల్లే ఈ పెరుగుదల వస్తుంది, పెరిగిన దాంట్లో కొంత మాయే వాడుకుంటుంది. బిడ్డకు కావలసిన కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం బిడ్డ శరీరమే తయారు చేసుకుంటుంది, తల్లి నుంచి మాయ ద్వారా కొంత అందుతుంది. మామూలు మనుషులకు వేసిన ‘నార్మల్’ కొలతతో గర్భిణి రిపోర్టును చూడటం వల్లే సగం టెన్షన్ పుడుతోంది. బీపీ, ట్రైగ్లిజరైడ్లు, కుటుంబ చరిత్ర మాత్రం నిజంగా పట్టించుకోవలసినవి.

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లోని ప్రైవేటు ల్యాబుల్లో ప్యాకేజీ పరీక్షలు మామూలైపోయాయి. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ కోసం వెళ్లిన గర్భిణికి అదే ప్యాకేజీలో లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) కూడా చేసేస్తారు. సాయంత్రానికి ఫోన్‌కు వచ్చిన రిపోర్టులో టోటల్ కొలెస్ట్రాల్ 248, పక్కన ఎక్కువ అని చెప్పే ‘హెచ్’ గుర్తు. ఆ గుర్తు చూడగానే ఇంట్లో చర్చ మొదలవుతుంది. గుడ్డు మానేయాలా, నెయ్యి మానేయాలా, బిడ్డ గుండెకు ఏమైనా అవుతుందా అని. మరోవైపు, ప్రతి నెలా 9న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద పీహెచ్‌సీల్లో జరిగే పరీక్షల్లో బీపీ, బరువు, మూత్రం, హిమోగ్లోబిన్, షుగర్ చూస్తారు తప్ప కొలెస్ట్రాల్ చూడరు. ప్రైవేటులో చేసిన పరీక్షను సర్కారు ఎందుకు చేయడం లేదన్న అనుమానం అక్కడ పుడుతుంది. ఇందులో నిర్లక్ష్యం లేదు. గర్భంతో ఉన్న ప్రతి ఒక్కరికీ కొలెస్ట్రాల్ పరీక్ష చేయాలని వైద్యశాస్త్రం చెప్పదు. కారణం తెలియాలంటే మాయ దగ్గరికే వెళ్లాలి.

రిపోర్టులో ‘హెచ్’ ఎలా వస్తుంది

ల్యాబ్ కాగితం మీద కుడివైపు ఉండే ‘200 లోపు’ అనే హద్దు గర్భంతో లేని పెద్దవాళ్లకు పెట్టింది. వాళ్లకు రాబోయే ఏళ్లలో గుండె జబ్బు వచ్చే ముప్పును లెక్కగట్టి పెట్టిన హద్దు అది. గర్భిణుల లెక్క వేరు. మొదటి మూడు నెలల్లో టోటల్ కొలెస్ట్రాల్ సుమారు 140 నుంచి 210 మధ్య ఉంటుంది. ఆరేడు వారాల ప్రాంతంలో కొద్దిగా తగ్గుతుంది కూడా. ఆ తర్వాత ఎక్కడం మొదలై, చివరి మూడు నెలలకు ఆరోగ్యవంతురాలైన గర్భిణిలోనే 220 నుంచి 350 దాకా చేరుతుంది. గర్భానికి ముందున్న అంకెతో పోలిస్తే సుమారు 30 నుంచి 50 శాతం ఎక్కువ. ట్రైగ్లిజరైడ్లు ఇంకా ఎక్కువగా, రెండు మూడు రెట్లు పెరుగుతాయి. చివరి నెలల్లో అవి 130 నుంచి 450 మధ్య ఉండవచ్చు. అంటే ఎనిమిదో నెలలో 248 అన్నది ఆ నెలకు తగిన అంకే. తప్పంతా దాన్ని పోల్చిన కొలతది.

ఇదే పొరపాటు తలకిందులుగా కూడా జరుగుతుంది, ఉద్దానం ప్రాంతానికి అది మరీ ముఖ్యం. గర్భంలో కిడ్నీలు ఎక్కువ రక్తాన్ని వడకడతాయి కాబట్టి, అవి బయటికి పంపే క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో మామూలు కంటే తగ్గాలి. మామూలు మనిషికి 1.0 అంటే ‘నార్మల్’ అని ల్యాబ్ రాస్తుంది. గర్భిణికి 0.9 దాటితేనే డాక్టరు ఒకసారి ఆలోచించాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో కిడ్నీ జబ్బు ఇంటింటి కథ అయినచోట, ఎర్ర గుర్తు పడిన కొలెస్ట్రాల్‌ను చూసి కంగారుపడి, గుర్తు పడని క్రియాటినిన్‌ను వదిలేయడం చాలా నష్టం.

పెంచమని చెప్పేది మాయే

నెలలు నిండేసరికి మాయ బరువు సుమారు అర కిలో, వెడల్పు 20 సెంటీమీటర్లకు కొంచెం పైన. దాని లోపల వేళ్లలా ఉండే సన్నటి కొసలన్నీ విప్పి పరిస్తే 10 చదరపు మీటర్లకు పైగా వైశాల్యం వస్తుంది. గర్భాశయం నుంచి నిమిషానికి అర లీటరుకు పైగా తల్లి రక్తం ఆ కొసలను తడుపుతూ పోతుంది. బిడ్డ రక్తం ఆ కొసల లోపలి సన్నటి నాళాల్లో తిరుగుతుంది. రెండు రక్తాలూ కలవవు.

ఇంత రక్తప్రవాహం మధ్య ఉండే ఈ అవయవం కేవలం సరఫరా చేసేది కాదు. హార్మోన్లు తయారు చేసి తల్లి రక్తంలోకి వదులుతుంది, ఆ హార్మోన్లు తల్లి శరీరం నడకను మారుస్తాయి. గర్భం మొదటి సగంలో తల్లి శరీరం కొవ్వును దాచుకుంటుంది. నడుము, తొడల దగ్గర పేరుకునేది అదే. రెండో సగంలో మాయ నుంచి వచ్చే లాక్టోజెన్ అనే హార్మోన్, మరికొన్ని కలిసి ఇన్సులిన్ పనితనాన్ని తగ్గిస్తాయి. దాంతో దాచిన కొవ్వు కరిగి రక్తంలోకి వస్తుంది. తల్లి తన అవసరాలకు కొవ్వును వాడుకుంటే, గ్లూకోజు బిడ్డకు మిగులుతుంది. ఇంకోపక్క ఈస్ట్రోజెన్ కాలేయాన్ని ఉసిగొల్పుతుంది, కాలేయం కొవ్వును మోసే మూటలను మరింత తయారు చేసి రక్తంలోకి పంపుతుంది. ఈ రెండు ప్రవాహాలు కలిసిన ఫలితమే రిపోర్టులోని పెద్ద అంకెలు.

గర్భధారణ షుగర్ కూడా ఇక్కడి నుంచే పుడుతుంది. ఇన్సులిన్ పనితనం తగ్గడం అందరిలోనూ జరుగుతుంది, ఇన్సులిన్ తయారు చేసే క్లోమం కొందరిలో ఆ లోటును పూడ్చలేదు. అలాంటివాళ్లలో షుగర్‌తో పాటు ట్రైగ్లిజరైడ్లు కూడా మరింత ఎక్కువగా కనిపిస్తాయి.

మాయ లోపల కొలెస్ట్రాల్‌కు ఏమవుతుంది

కొలెస్ట్రాల్ నీళ్లలో కరగదు, అందుకే రక్తంలో ఒంటరిగా తిరగలేదు. ప్రొటీన్‌తో చుట్టిన మూటల్లా తిరుగుతుంది. వాటిలో ముఖ్యమైనవి ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్. జనం నోట మొదటిది ‘చెడ్డది’, రెండోది ‘మంచిది’. మాయ విషయంలో ఈ పేర్లు పనికిరావు, ఎందుకంటే మాయకు ఎక్కువగా కావలసింది ఎల్‌డీఎల్లే.

మాయ కొసల మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. కణాలు ఎల్‌డీఎల్‌ను ఇలా పట్టి లోపలికి లాక్కుంటాయని కనిపెట్టినందుకే మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. మాయ కణం ఆ ఎల్‌డీఎల్ మూటను మింగి, లోపల విడగొట్టి, కొలెస్ట్రాల్‌ను బయటకు తీస్తుంది. హెచ్‌డీఎల్ నుంచి కొలెస్ట్రాల్ తీసుకునే గ్రాహకాలు కూడా దానికి వేరే ఉన్నాయి. కొంత కొలెస్ట్రాల్‌ను మాయ సొంతంగానూ తయారు చేసుకుంటుంది.

అలా వచ్చిన కొలెస్ట్రాల్‌లో పెద్ద వాటా ప్రొజెస్టెరాన్ తయారీకి పోతుంది. గర్భాశయాన్ని నొప్పులు రాకుండా ప్రశాంతంగా ఉంచే హార్మోన్ ఇదే. మొదటి ఏడు వారాలు దీన్ని అండాశయం ఇస్తుంది. ఏడు నుంచి తొమ్మిది వారాల మధ్య ఆ బాధ్యత మాయ చేతికి వస్తుంది. నెలలు నిండేసరికి మాయ రోజుకు సుమారు 300 మిల్లీగ్రాముల ప్రొజెస్టెరాన్ తయారు చేస్తుంది. ఒక్కో ప్రొజెస్టెరాన్ అణువు ఒక్కో కొలెస్ట్రాల్ అణువు నుంచి పుడుతుంది కాబట్టి, అణుభారాల లెక్కన దీనికి రోజుకు సుమారు 370 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఖర్చవుతుంది. అది రెండు కోడిగుడ్లలో ఉండేంత. తల్లి రక్తంలో కొలెస్ట్రాల్ పెరగడం వెనకున్న అవసరం ఈ ఒక్క లెక్కతోనే తెలుస్తుంది.

ఈస్ట్రోజెన్ తయారీ ఇంకాస్త మెలికతో ఉంటుంది. కొలెస్ట్రాల్ నుంచి ఈస్ట్రోజెన్ దాకా వెళ్లే దారిలో ఒక ఎంజైమ్ మాయలో దాదాపు ఉండదు. ఆ మధ్య మెట్టును బిడ్డ అడ్రినల్ గ్రంథులు పూర్తి చేస్తాయి. అవి కూడా కొలెస్ట్రాల్‌నే ముడిసరుకుగా తీసుకుని, సగం తయారైన పదార్థాన్ని మాయకు పంపుతాయి. మాయ దాన్ని ఈస్ట్రోజెన్‌గా మార్చి తల్లికి పంపుతుంది. తల్లి కాలేయం ఆ ఈస్ట్రోజెన్ ప్రభావంతో మళ్లీ కొవ్వు మూటలను తయారు చేస్తుంది. తల్లి, బిడ్డ, మాయ ముగ్గురూ కలిస్తే తప్ప ఈ చక్రం తిరగదు.

హార్మోన్లకు పోగా, కొంత మాయ తన కణాల పొరలకు వాడుకుంటుంది. మిగిలినదాంట్లో కొంత బిడ్డ వైపు వెళుతుంది. బిడ్డ వైపున్న నాళాల కణాల్లో కొలెస్ట్రాల్‌ను బయటికి నెట్టే ప్రొటీన్లు ఉన్నాయి. ఏబీసీఏ1, ఏబీసీజీ1 అనేవి వాటిలో ముఖ్యమైనవి. అవి కొలెస్ట్రాల్‌ను బిడ్డ రక్తంలోని హెచ్‌డీఎల్‌కు అందిస్తాయి. మాయ కణంలో కొలెస్ట్రాల్ ఎక్కువైతే, దాని నుంచి పుట్టే కొన్ని పదార్థాలే ఈ ప్రొటీన్ల తయారీని పెంచుతాయి. కణంలో సరుకు అతిగా పేరుకోకుండా ఉండటానికి ఇదొక ఏర్పాటు.

బిడ్డకు చేరేది ఎంత

పుట్టిన వెంటనే బొడ్డుతాడు రక్తంలో కొలెస్ట్రాల్ చూస్తే 50 నుంచి 70 మధ్యే ఉంటుంది. తల్లి రక్తంలో ఆ సమయానికి 250 ఉన్నా సరే. పెద్దవాళ్లలో కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా మోసేది ఎల్‌డీఎల్ అయితే, పుట్టిన బిడ్డలో దాదాపు సగం హెచ్‌డీఎల్‌లోనే ఉంటుంది. నెలలు నిండిన సమయంలో తల్లి అంకెకూ బిడ్డ అంకెకూ పెద్దగా పొంతన కనబడదు. తల్లి రిపోర్టు చూసి బిడ్డ రక్తం కూడా అలాగే ఉంటుందనుకునేవాళ్లు తెలుసుకోవలసిన మొదటి విషయం ఇదే.

అయితే బిడ్డకు తల్లి నుంచి ఏమీ అందదా? చాలాకాలం శాస్త్రవేత్తలు దాదాపు అలాగే అనుకున్నారు. పిండం తన కొలెస్ట్రాల్‌ను తానే తయారు చేసుకోగలదు కాబట్టి తల్లిది అక్కరలేదన్నారు. ఆ అభిప్రాయాన్ని మార్చిన ఆధారాలు రెండు.

మొదటిది ఒక అరుదైన జన్యు లోపం. డేవిడ్ స్మిత్, లూక్ లెమ్లీ, జాన్ ఒపిట్జ్ అనే వైద్యులు 1964లో దీన్ని వర్ణించారు. వాళ్ల పేర్లతోనే స్మిత్-లెమ్లీ-ఒపిట్జ్ సిండ్రోమ్ అంటారు. ఈ బిడ్డల్లో తల చిన్నగా ఉండటం, రెండో మూడో కాలివేళ్లు కలిసిపోవడం, అంగిలి చీలడం, బుద్ధి ఎదుగుదల తగ్గడం వంటివి కనిపిస్తాయి. అసలు కారణం కొలెస్ట్రాల్ తయారీలో చివరి మెట్టు దెబ్బతినడమేనని 1993లో గానీ తేలలేదు. పిండం ఎదిగేటప్పుడు ఏ అవయవం ఎక్కడ, ఎలా ఏర్పడాలో చెప్పే ఒక ముఖ్యమైన ప్రొటీన్‌కు కొలెస్ట్రాల్ అతుక్కుంటే తప్ప అది సరిగా పనిచేయదని 1996లో బయటపడింది. దాంతో ఈ లోపాలు ఎందుకు వస్తాయో మరికొంత అర్థమైంది. మాయ విషయంలో మాత్రం ఇక్కడ గమనించవలసింది వేరు. ఆ చివరి మెట్టును పూర్తి చేసే ఎంజైమ్ పూర్తిగా లేని బిడ్డల్లో కూడా పుట్టినప్పుడు రక్తంలో కొద్దిగా కొలెస్ట్రాల్ ఉంటోంది. తాము తయారు చేసుకోలేరు కాబట్టి అది తల్లి నుంచే రావాలి.

రెండో ఆధారం ఇంకా సులువుగా అర్థమవుతుంది. నువ్వులు, జీడిపప్పు, వేరుశనగ, నూనెల్లో కొలెస్ట్రాల్ ఉండదు. దానికి చుట్టంలాంటి మొక్కల స్టెరాల్స్ ఉంటాయి. మనిషి శరీరం వీటిని ఎన్నడూ తయారు చేయలేదు, తిండి నుంచి రావలసిందే. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తంలో ఈ మొక్కల స్టెరాల్స్ కనిపించాయి. బిడ్డ ఇంకా ఏమీ తినలేదు కాబట్టి అవి తల్లి తిన్నదాంట్లోంచి మాయ దాటి వచ్చినవే. ఇంత దగ్గరి రూపమున్న పదార్థం దాటిందంటే కొలెస్ట్రాల్‌కూ ఆ దారి ఉన్నట్టే.

రెండు ఆధారాలూ కలిపి చూస్తే, తల్లి నుంచి బిడ్డకు కొంత కొలెస్ట్రాల్ అందుతోందని తేలుతుంది. తల్లి కొలెస్ట్రాల్ మీద బిడ్డ ఆధారపడటం మొదటి నెలల్లో ఎక్కువగా ఉంటుంది, ఆ తర్వాత బిడ్డ కాలేయం, ఇతర అవయవాలు తమ తయారీని అందుకుంటాయి. మెదడు అయితే తనకు కావలసిందంతా దాదాపు తానే చేసుకుంటుంది.

అంకె మరీ ఎక్కువైతే

గర్భంలో పెరగడం సహజం అనడానికీ, ఎంత పెరిగినా పరవాలేదు అనడానికీ తేడా ఉంది.

క్లాడియో నపోలి, వుల్ఫ్ పాలిన్‌స్కీ బృందం 1997లో, ఆ తర్వాత 1999లో ప్రచురించిన పరిశోధనల్లో, గర్భంలో కొలెస్ట్రాల్ బాగా ఎక్కువగా ఉన్న తల్లుల బిడ్డల బృహద్ధమనిలో (గుండె నుంచి బయల్దేరే ప్రధాన రక్తనాళంలో) కొవ్వు చారలు ఎక్కువగా కనిపించాయి. ఆరు నెలల లోపు పిండాల్లో తల్లి అంకెకు, పిండం అంకెకు పొంతన కూడా కనిపించింది. కొవ్వు చార అంటే గుండెపోటు కాదు, చాలామంది పిల్లల్లో అది వచ్చి తర్వాత తగ్గిపోయేది కూడా. కానీ ఈ పరిశోధనలు చెప్పింది ముఖ్యమైనదే. గర్భానికి ముందే కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్న స్త్రీలు ఆ సంగతి ముందే చూసుకుంటే మంచిది. గర్భం వచ్చాక చేయగలిగేది తక్కువ.

వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండే కుటుంబాలు అనుకున్నంత అరుదు కాదు. సుమారు 250 మందిలో ఒకరికి ఆ జన్యువు ఉంటుందని అంచనా. నలభై ఏళ్లకే గుండెపోటు వచ్చిన తండ్రో, మేనమామో ఉన్న ఇంట్లో ఈ అనుమానం పెట్టుకోవాలి.

ట్రైగ్లిజరైడ్ల ప్రమాదం వేరు. అవి 1000 దాటితే క్లోమం వాచే ముప్పు ఉంటుంది. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు దాని లక్షణాలు. ఇది కనిపిస్తే గ్యాస్ అని సరిపెట్టుకోకుండా జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రికి వెంటనే చేరాలి. పిత్తాశయంలో రాళ్లు కూడా గర్భంలో ఎక్కువగా ఏర్పడతాయి. ఈస్ట్రోజెన్ పైత్యరసంలో కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది, ప్రొజెస్టెరాన్ పిత్తాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. రెండూ కలిసి రాయికి దారి వేస్తాయి.

ఇక బీపీ. పల్లెల్లో గుర్రపువాతం అని భయపడే ఫిట్స్‌కు ముందుండే దశ ప్రీఎక్లాంప్సియా. దాని మూలం మాయలోనే ఉంది. మాయకు రక్తం తెచ్చే గర్భాశయ ధమనులు సరిగా వెడల్పు కాకపోతే మాయకు రక్తం చాలదు. ఆ ధమనుల గోడల్లో కొవ్వు నిండిన కణాలు పేరుకోవడం కూడా ఈ జబ్బులో కనిపిస్తుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవాళ్లలో ఇది కొంత ఎక్కువగా వస్తుంది. మరి కొలెస్ట్రాల్ తగ్గించే మందు ఇస్తే ఆగుతుందా? ప్రవాస్టాటిన్ అనే అలాంటి మందును 35 నుంచి 37 వారాల మధ్య మొదలుపెట్టి చూసిన ఒక పెద్ద పరిశోధన 2021లో వెలువడింది. ప్రీఎక్లాంప్సియా తగ్గలేదు. ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లకు 16 వారాల లోపే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టడం మాత్రం పనిచేస్తుందని రుజువైంది. అది డాక్టరు చెబితేనే వాడాలి. అందుకే పీహెచ్‌సీలో ఏఎన్‌ఎం కట్టే బీపీ పట్టీకి లిపిడ్ ప్రొఫైల్ కంటే ఎక్కువ విలువ ఉంది.

తక్కువైనా చిక్కే

కొలెస్ట్రాల్ అంటే ఎక్కువే సమస్య అనుకోవడం అలవాటైంది. అమెరికాలోని సౌత్ కరోలినాలో గర్భిణులపై చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో, కొలెస్ట్రాల్ బాగా తక్కువగా ఉన్న తల్లుల బిడ్డలు కొంత తక్కువ బరువుతో పుట్టారు. శ్వేతజాతి తల్లుల్లో నెలలు నిండకముందే కాన్పులు కూడా ఎక్కువయ్యాయి. ఇది కార్యకారణ సంబంధాన్ని రుజువు చేసే తరహా పరిశోధన కాదు, పైగా మరో దేశానిది. అయినా మెళియాపుట్టి, మందస కొండ పల్లెల్లోనో, విజయనగరం జిల్లా మెట్ట ప్రాంతాల్లోనో రక్తహీనతతో, బరువు పెరగకుండా ఉన్న గర్భిణికి ‘కొవ్వు తగ్గించు’ అన్న సలహా ఇవ్వడం ఎంత పొరపాటో ఇది గుర్తు చేస్తుంది.

గుడ్డు, జీడిపప్పు, కొబ్బరి

అంగన్‌వాడీల్లో గర్భిణులకు ఇచ్చే గుడ్డు చుట్టూ ఉన్న అనుమానాలు ఎక్కువ. ఒక గుడ్డులో సుమారు 190 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది, అదంతా పచ్చసొనలోనే. రక్తంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం శరీరం తయారు చేసుకున్నదే. తిండి నుంచి ఎక్కువ వచ్చినప్పుడు చాలామందిలో కాలేయం తన తయారీని కొంత తగ్గించుకుంటుంది. గర్భంలో అంకె పెరగడానికి కారణం హార్మోన్లు కాబట్టి, గుడ్డు మానేసినా ఆ పెరుగుదల ఆగదు. ప్రొటీన్, బిడ్డ మెదడుకు కావలసిన కోలిన్ మాత్రం తగ్గిపోతాయి. పచ్చసొన తీసి తెల్లసొన మాత్రమే తినే అలవాటు ఈ విషయంలో మరీ నష్టం, కోలిన్ ఉండేది ఆ పచ్చసొనలోనే.

పలాస జీడిపప్పు మీద కూడా ఇలాంటి నింద ఉంది. జీడిపప్పులో గానీ, మరే మొక్క నుంచి వచ్చిన తిండిలో గానీ కొలెస్ట్రాల్ ఉండదు. కేలరీలు ఎక్కువ కాబట్టి గుప్పెడు మించకపోతే చాలు. ఉద్దానం కొబ్బరి సంగతి కొంచెం వేరు. దానిలోనూ కొలెస్ట్రాల్ లేదు, కానీ ఎల్‌డీఎల్‌ను పెంచే గడ్డకట్టే రకం కొవ్వు ఎక్కువ. పచ్చట్లో, కూరలో వేసుకునేంత కొబ్బరికి ఇబ్బంది లేదు. వంటంతా కొబ్బరినూనెతో చేస్తేనో, ఒకసారి కాచిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగించిన బజ్జీలు రోజూ తింటేనో లెక్క మారుతుంది.

చోడి (రాగి) అంబలి, గంటి (సజ్జ) అన్నం, మునగాకు, పప్పు ఉన్న తిండికి ఈ విషయంలో వంక పెట్టలేం. కళింగపట్నం, భావనపాడు తీరాల్లో దొరికే కవళ్లు, కానాగంతల వంటి చేపల్లో బిడ్డ మెదడుకు, కళ్లకు పనికొచ్చే ఒమేగా-3 కొవ్వులు ఉంటాయి. వాటిని మాయ ప్రత్యేకంగా ఎంచుకుని బిడ్డకు చేరుస్తుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవాళ్లు తగ్గించుకోవలసింది ముందుగా చక్కెర, కూల్‌డ్రింకులు, మైదా, తీపి పిండివంటలు.

మందుల సంగతి

స్టాటిన్లు కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకుంటాయి. మాయకు, బిడ్డకు కొలెస్ట్రాల్ ఎంత అవసరమో చూశాక, గర్భంలో వీటిని ఎందుకు ఆపమంటారో వేరే చెప్పక్కరలేదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2021 జూలైలో ఈ మందుల మీదున్న పూర్తి నిషేధ హెచ్చరికను తీసేయమంది. తెలియక కొన్ని వారాలు వాడినంత మాత్రాన బిడ్డకు లోపాలు వస్తాయనే ఆధారం బలంగా లేదన్నది దానికి ఒక కారణం. అయినా ఎక్కువమంది గర్భం అని తెలియగానే ఆపేయాలనే అదే సంస్థ చెప్పింది. గుండెపోటు ముప్పు చాలా ఎక్కువగా ఉన్న కొద్దిమంది విషయంలో డాక్టరు వేరే నిర్ణయం తీసుకోవచ్చు. మాత్ర వేసుకుంటూ గర్భం దాల్చినవాళ్లు భయపడి అబార్షన్ దాకా ఆలోచించనక్కరలేదు, డాక్టరుకు చెప్పి ఆపితే చాలు.

కాన్పు తర్వాత

మాయ బయటకు రాగానే దాని హార్మోన్లు వేగంగా పడిపోతాయి. ట్రైగ్లిజరైడ్లు కొద్ది వారాల్లోనే దిగుతాయి, పాలిచ్చే తల్లుల్లో ఇంకా త్వరగా. రక్తంలోని ఆ కొవ్వును రొమ్ము కణాలు పాల తయారీకి లాక్కుంటాయి. ఎల్‌డీఎల్ నెమ్మదిగా, కొన్ని నెలలు తీసుకుని దిగుతుంది. అందువల్ల గర్భంలో వచ్చిన ‘హెచ్’ నిజమో కాదో తేల్చుకోవాలంటే కాన్పయిన మూడు నెలలకు ఒకసారి మళ్లీ పరీక్ష చేయించాలి. అప్పటికీ ఎల్‌డీఎల్ 190 దాటి ఉంటే అది గర్భం వల్ల వచ్చింది కాదు, వంశపారంపర్య సమస్య ఉందేమో చూడాలి. ఆ తల్లి తోబుట్టువులు, తల్లిదండ్రులు కూడా పరీక్ష చేయించుకోవాలి. ఆ జన్యువు బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం కాబట్టి, రెండేళ్లు దాటాక బిడ్డకూ ఒకసారి కొలెస్ట్రాల్ చూపించాలి.